ఒంటికంటి అద్దం చాటున ఒక కార్పొరల్

1986లో బీబీసీ ‘ది మొనాకిల్డ్ మ్యూటినీర్’ అనే నాలుగు భాగాల ధారావాహికను ప్రసారం చేసింది. ఒంటికంటి అద్దం పెట్టుకున్న తిరుగుబాటుదారు అని ఆ పేరుకు అర్థం. రచన అలన్ బ్లీస్‌డేల్. పాల్ మెక్‌గాన్ పోషించిన కథానాయకుడు పెర్సీ టాప్లిస్ అధికారుల దుస్తులు వేసుకొని లోకాన్ని బురిడీ కొట్టించిన మాయగాడు. 1917లో ఫ్రాన్సులోని ఎటాప్ల్ శిబిరంలో బ్రిటిష్ సైన్యం చేసిన తిరుగుబాటుకు అతడే నాయకుడని కథ.

తిరుగుబాటు జరిగిన మాట వాస్తవం. గాయాలు మాని యుద్ధరంగానికి మరలిపోతున్న వారిని సైతం ఎటాప్ల్‌లో కొత్తవారితో పాటు కఠినమైన కవాతులతో వేధించేవారు. సెప్టెంబరు 9న గుమిగూడిన సైనికులపై ఒక మిలిటరీ పోలీసు కాల్పులు జరపగా, వుడ్ అనే కార్పొరల్ మరణించాడు. దానితో శిబిరం భగ్గుమంది. అయితే టాప్లిస్ అక్కడ ఉన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. అతని దళం అప్పుడు భారతదేశానికి ప్రయాణంలో ఉందని రికార్డులను బట్టి తెలుస్తోంది. ‘యథార్థగాథ’ అన్న ప్రచారాన్ని ఆ ధారావాహికకు చరిత్ర సలహాదారైన జూలియన్ పుట్కౌస్కీయే తప్పుపట్టాడు.

మరి ఆ తిరుగుబాటుకు ప్రాణం చెల్లించినవాడు ఎవరు? నార్తంబర్లాండ్ ఫ్యూజిలియర్స్‌కు చెందిన కార్పొరల్ జెస్సీ షార్ట్. సెప్టెంబరు 11న వంతెన వద్ద కాపలా ఉన్న సైనికులతో, మీ అధికారి మాట వినకండి, మెడకు రాయి కట్టి నదిలో పడవేయండి అన్నాడని అభియోగం. అధికారికి ఏ హానీ జరగలేదు. మరునాడే సైనిక న్యాయస్థానం విచారించి మరణశిక్ష విధించింది. అక్టోబరు 4న బులోన్‌లో కాల్చివేశారు. వుడ్‌ను చంపిన పోలీసుకు పడిన శిక్ష ఒక ఏడాది జైలు.

ఆ కాలపు బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలు మూడువేలకు పైగా మరణశిక్షలు విధించాయి. అమలైనవి 346. అంటే పదింట తొమ్మిది పాళ్ళు పైవారి దయతో రద్దయ్యాయి. నోటిమాటకు శిక్షపడిన షార్ట్‌కు ఆ దయ దక్కలేదు.

ధారావాహికపై రేగిన దుమారమంతా టాప్లిస్ చుట్టూనే తిరిగింది. గిట్టనివారికి ఆ ఒక్క తప్పు చాలింది. దానిని చూపి మొత్తం కథను కట్టుకథగా కొట్టిపారవేయవచ్చు. నిజమైన అన్యాయానికి కల్పిత నాయకుణ్ణి తొడిగితే జరిగే నష్టం ఇదే. అబద్ధం బయటపడిన నాడు, దానితో పాటు నిజం కూడా ముద్దాయి అవుతుంది.

2006లో బ్రిటిష్ పార్లమెంటు, ఆ యుద్ధంలో క్రమశిక్షణ నేరాలకు కాల్చివేసిన సైనికులకు చట్టం ద్వారా క్షమాభిక్ష ప్రకటించింది. తిరుగుబాటు కూడా ఆ నేరాలలో చేరింది. కానీ తీర్పులను మాత్రం రద్దు చేయలేదు. షార్ట్ క్షమింపబడిన దోషిగానే కాగితాలపై మిగిలాడు. అతని విచారణే ఒక నాటకానికి చాలినంత వస్తువు. దానికి ఒంటికంటి అద్దం అవసరం లేదు.