డిస్క్ విభజన: ఎం.బి.ఆర్. నుంచి జి.పి.టి. వరకు

విండోస్ ఉన్న ఈనాటి కంప్యూటర్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. సి డ్రైవ్ పక్కన అక్షరం కేటాయించని చిన్న పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ఇ.ఎఫ్.ఐ. సిస్టమ్ పార్టిషన్. పనికిరానిదని తొలగిస్తే మీ ఫైళ్లు భద్రంగానే ఉంటాయి, విండోస్ మాత్రం మొదలుకాదు. కారణం తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోని ఫర్మ్‌వేర్ బయోస్. దానికి ఫైలు అంటే ఏమిటో తెలియదు. డిస్క్ మొదటి సెక్టార్‌ను మెమరీలోకి తెచ్చి, అందులోని ఆదేశాలకు పని అప్పగించి తప్పుకొనేది. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో పి.సి. ఎక్స్.టి., దానితో డాస్ 2.0 వచ్చాయి. అప్పుడు ఆ 512 బైట్ల సెక్టార్‌లోనే పార్టిషన్ల పట్టికనూ సర్దారు. పట్టికకు దక్కినవి 64 బైట్లు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కనుక నాలుగింటికే చోటు. ఇదే మాస్టర్ బూట్ రికార్డ్, అంటే ఎం.బి.ఆర్. సెక్టార్ సంఖ్యకు 32 బిట్లే ఇవ్వడం వల్ల సుమారు 2.2 టెరాబైట్లు దాటిన చోటును ఇది గుర్తించలేదు. 10 మెగాబైట్ల కాలంలో ఆ హద్దు ఎవరికీ అడ్డుకాలేదు. 2010లో 3 టెరాబైట్ల డిస్క్‌లు రాగానే అదే గోడై నిలిచింది.

పరిష్కారానికి పునాది అంతకు ముందే పడింది. 1990ల చివర ఇంటెల్ తన ఇటానియం ప్రాసెసర్ కోసం ఇ.ఎఫ్.ఐ.ని రూపొందించింది. 2005లో ఏర్పడిన యు.ఇ.ఎఫ్.ఐ. ఫోరం దాని బాధ్యత స్వీకరించింది. ఈ ఫర్మ్‌వేర్ ఫైళ్లను చదవగలదు. అయితే ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతినీ అది నేర్చుకోలేదు కాబట్టి, అందరికీ తెలిసిన ఫ్యాట్ పద్ధతిలో ఒక పార్టిషన్ ప్రత్యేకించారు. బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే.

దీనికి తోడుగా వచ్చిన జి.పి.టి. పట్టికలో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంటుంది. సెక్టార్ సంఖ్యకు 64 బిట్లు. పట్టిక నకలు డిస్క్ చివర ఉంటుంది. పాత సాధనాలు డిస్క్ ఖాళీగా ఉందని పొరబడకుండా మొదటి సెక్టార్‌లో రక్షణగా ఒక ఎం.బి.ఆర్.నూ ఉంచారు.

కనుక యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో విండోస్ మొదలుకావాలంటే జి.పి.టి. డిస్క్, ఇ.ఎఫ్.ఐ. సిస్టమ్ పార్టిషన్ రెండూ తప్పనిసరి. విండోస్ పక్కన లినక్స్ పెట్టుకునేటప్పుడు ఉన్న ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకండి. రెండూ దానినే వేర్వేరు ఫోల్డర్లతో పంచుకోగలవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎం.బి.ఆర్.లో నాలుగు పార్టిషన్లకే చోటెందుకు? బయోస్‌కు అవసరం లేని ఫ్యాట్ పార్టిషన్ యు.ఇ.ఎఫ్.ఐ.కి ఎందుకు కావలసి వచ్చింది?