పేరులేని ముఖములు

భాసమహాకవి ప్రతిమానాటకమున నొక ఘట్టము కలదు. మేనమామ యింటినుండి అయోధ్యకు మరలివచ్చుచు భరతుడు దారిలో నొక ప్రతిమాగృహమును ప్రవేశించును. అందలి విగ్రహములను దేవతలని తలచి మ్రొక్కబోవగా, ఆ గృహమును గాచువాడు వారించి, యవి యిక్ష్వాకురాజుల ప్రతిమలని తెలిపి, దిలీపుడు, రఘువు, అజుడు అని వరుసగా పేర్లు చెప్పును. పేరు చెప్పువా డొక్కడుండుటచేతనే భరతునకు తన తండ్రి యిక లేడన్న సంగతి తెలియవచ్చెను. పాత ఛాయాచిత్రములను, వానిని దీసిన పరికరములను సేకరించువారిని జూచినప్పుడెల్ల నాకా కావలివాడు జ్ఞప్తికి వచ్చును. బొమ్మను దాచుటతో సేకర్త ధర్మము తీరదు. పేరును గూడ చెప్పవలెను.

ఈ విద్య ప్రాచీనమైనది కాదు. 1839లో పారిసునగరమున డాగేరు అనునాతని పద్ధతి లోకమునకు వెల్లడియయ్యెను. ఆతడు వెండిపూత గల రాగిరేకుమీద బొమ్మను నిలిపెను. ఒక రేకునకు ఒకటే బొమ్మ. 1851లో ఆర్చరు అను నాంగ్లేయుడు గాజుపలకపై కొలోడియన్ అను ద్రవమును బూసి బొమ్మ దీయు విధమును ప్రకటించెను. ఒక్క పలకనుండి కాగితముపై నెన్ని ప్రతులనైన దీయవచ్చును. కాని పలకమీది పూత తడియారకమునుపే బొమ్మను దీసి, మందులతో పని ముగింపవలెను. అందుచే ఊరూర తిరుగు చిత్రకారుడు కొయ్య కెమేరాను, గాజుపలకల పెట్టెలను, మందుసీసాలను, చీకటి గుడారమును వెంటగొనిపోవలసి యుండెను. పాతసామానుల యంగడిలో ఇత్తడి కటకము గల కొయ్యపెట్టె కనబడినప్పుడు దాని వెనుక నింతటి శ్రమ కలదని తలపవలెను.

ఆనాడు బొమ్మలను దింపుటకు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును విశేషముగా వాడిరి. ఉల్లిపాయనైన ముట్టని మడివారి యిండ్ల గోడలపై ముత్తాతగారు గ్రుడ్డుసొనలోనే చిరంజీవులై యుండవచ్చును!

ఫొటో తీయించుకొన్న నాయువు క్షీణించునని మన పెద్దలు భయపడెడివారు. అట్టి కాలముననే, ఆరవ నిజామగు మహబూబు అలీఖానుగారి యాస్థాన చిత్రకారుడైన లాలా దీనదయాళుగారు 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను దెరచిరి. దానిని నడపినది కెన్నీ లెవిక్ అను నాంగ్లవనిత. పరపురుషుని కంటబడరాని స్త్రీకి తన రూపమును నిలుపుకొను నవకాశము గలుగుట ఆనాడు స్వల్పవిషయము కాదు. దీనదయాళుగారు 1905లో గతించిరి. వారి చిత్రశాలకు జెందిన 2857 గాజుపలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు జేరి రక్షణ పొందినవి. కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ చిత్రశాల కా భాగ్యము లేకపోయెను. 1991లో జరిగిన యగ్నిప్రమాదమున దాని సంచయము చాలవరకు దగ్ధమయ్యెను.

అగ్ని బొమ్మను హరించును. మరపు మనిషినే హరించును. 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అను ఛాయాచిత్రగ్రంథమున మన దేశీయు లనేకులు తమ పేర్లతో గాక కులముల పేర్లతో, తెగల పేర్లతో కనబడుదురు. పాలకులు మనిషిని మచ్చుగా జూచిరని మనము నిందింతుము. నింద న్యాయమే. కాని మన యిండ్లలో మనము చేసినదేమి?

మా యింట నొక పటము కలదు. అందు మా ముత్తాతగారి కుటుంబమువారు పదునొకండుగురు. అట్టవెనుక ఆరుగురు పురుషుల పేర్లు చక్కని దస్తూరితో నున్నవి. తక్కిన యైదుగురికి ‘ఆడవారు’ అని యొక్కమాట! మా నాయనమ్మ జీవించియుండగా నామె నడుగవలెనని నాకు తోచలేదు. బడిలో రాజవంశముల వరుసలను పిల్లలచే వల్లెవేయించు నేను నా రక్తసంబంధినుల పేర్ల నెరుగను. నడుమ నిలిచిన పడుచు కన్నులు నా కుమార్తె కన్నులవలె నున్నవి. ఆమె యెవరని నా కుమార్తె యడిగినది. చెప్పుటకు కావలివాడు లేడు.

1839 నాటి డాగేరు కెమేరా యొకటి 2010లో వియన్నానగరపు వేలములో 732,000 యూరోలకు అమ్ముడుపోయెను. అట్టివాని జోలి మనకు వలదు. మన సేకరణము అటుకమీది ట్రంకుపెట్టెతో నారంభము కావలెను. పాత పటమును నీటితో తుడువరాదు. అట్టనుండి యూడదీయరాదు, చిత్రశాల పేరును ఊరును తరచుగా నా యట్టమీదనే యుండును. గాజుపలకలను వేరువేరుగ కాగితములలో నుంచి నిలువుగా నిలుపవలెను. మెత్తని పెన్సిలుతో వెనుకవైపు అంచున పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. తెలియనిచోట ఊహింపక ‘తెలియదు’ అనియే వ్రాయవలెను. ఇంటిలోని వృద్ధస్త్రీల నందరికంటె ముందుగా నడుగవలెను. వారు ‘ఫలానావారి కోడలు’ అని చెప్పినచో నంతటితో నూరకుండక, ఆమె పేరేమని మరల నడుగవలెను.

ఈ పని రేపటికి నిలుపదగినది కాదు. చెప్పగలవారు మన యిండ్లలో నింకను కొందరు గలరు.