విగ్గు తయారీ

విగ్గు అనగా పలుచని వలకు వెంట్రుకలను ముడివేసి లేదా కుట్టి, టోపీ వలె తలపై ధరించుటకు వీలుగా తయారు చేసిన కృత్రిమ కేశాచ్ఛాదనము. ఉన్న జుట్టుకు పొడవును, ఒత్తును చేర్చే సవరం దీనికి భిన్నమైనది. సవరాన్ని జడలో కలిపి అల్లుకుంటారు. విగ్గు తలనంతటినీ కప్పుతుంది. నాటకాలలో, సినిమాలలో పాత్రధారణకు, బట్టతలను కప్పుకొనుటకు, వ్యాధి లేదా చికిత్స వలన జుట్టు కోల్పోయినవారికి విగ్గులు ఉపయోగపడతాయి. ఓపిక, నేర్పు ఉన్నవారు సహజంగా కనిపించే విగ్గును ఇంటివద్ద కూడా తయారు చేసుకొనవచ్చును.

చరిత్ర

ప్రాచీన ఈజిప్టు దేశంలో మానవ కేశములతో విగ్గులు అల్లి, వెంట్రుకలు చెదరకుండా తేనెమైనము, చెట్ల జిగురు పూసేవారు. థీబ్స్ వద్ద సమాధిలో లభించిన అటువంటి విగ్గు ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజులు 13వ లూయీ, 14వ లూయీల కాలంలో ఐరోపా ప్రభువర్గాలలో విగ్గు ధరించుట ఆచారమైనది. తెలుగునాట సవరాల వాడుక చాలాకాలంగా ఉంది. దువ్వినప్పుడు ఊడిన చిక్కు వెంట్రుకలను స్త్రీలు దాచి, వీధిలోకి వచ్చే వ్యాపారులకు ఇచ్చి సామానులు తీసుకొనేవారు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి, తిరుమల తిరుపతి దేవస్థానము వేలం ద్వారా విక్రయిస్తుంది.

చికిత్స పొందేవారికి విగ్గు

కాన్సరు చికిత్సలో వాడే కొన్ని కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను నశింపజేస్తాయి. వెంట్రుకల కుదుళ్ళలోని కణాలు కూడా ఇటువంటివే. అందువలన చికిత్స మొదలైన 2 నుండి 4 వారాలలో జుట్టు రాలడం సాధారణం. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు తిరిగి మొలిచినా, నెలకు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. ఈ మధ్యకాలంలో అద్దంలో తమ పూర్వరూపాన్ని చూసుకొనగలుగుట రోగికి ధైర్యాన్నిస్తుంది. కావున జుట్టు రాలకముందే ముఖపు అంచు, పాపిట, సుడి కనిపించేటట్లు ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవాలి. జుట్టు పొడవుగా ఉంటే, రాలకముందే కత్తిరించి, కుదుళ్ళవైపు దారంతో కట్టి భద్రపరచి, అదే జుట్టును విగ్గుకు వాడుకొనవచ్చును.

కేశముల ఎంపిక

వెంట్రుక ఉపరితలంపై కంటికి కనిపించని పొలుసులు కుదురు నుండి కొన వైపుకు పేర్చి ఉంటాయి. అన్ని వెంట్రుకల కుదుళ్ళు ఒకే వైపున ఉంటే పొలుసులు ఒకదానికొకటి తగులుకొనవు. తలకిందులుగా కలిసిపోతే విగ్గు త్వరగా చిక్కుపడుతుంది. చిక్కు జుట్టు కంటే కత్తిరించి కట్టిన జుట్టు మేలైనది కావడానికి కారణం ఇదే. ముడిలో కొంత పొడవు మడతపడుతుంది గనుక, కావలసిన పొడవు కంటే ఎక్కువ పొడవు గల వెంట్రుకలను తీసుకోవాలి.

తయారీ విధానము

మొదట తలచుట్టు కొలత, నుదుటి నుండి మెడ వరకు, నడినెత్తి మీదుగా చెవి నుండి చెవి వరకు కొలతలు తీసుకోవాలి. తరువాత తలకు పలుచని ప్లాస్టిక్ పొరను చుట్టి, దానిపై పారదర్శకమైన టేపు అంటించి, జుట్టు మొదలయ్యే అంచును, పాపిటను, సుడిని కలంతో గుర్తించాలి. ముక్కు, నోరు ఎట్టి పరిస్థితిలోను మూయరాదు. ఈ తొడుగును తీసి, లోపల కాగితాలు గట్టిగా కూరితే తల అచ్చు సిద్ధమవుతుంది. అచ్చుపై సన్నని వలను ముడతలు లేకుండా పరచి, టోపీ ఆకారంలో కుట్టి, మెడవైపు ఎలాస్టిక్ పట్టీ అమర్చాలి. జుట్టు రాలిన తరువాత తలచుట్టు కొలత కొద్దిగా తగ్గుతుంది. ఆ తేడాను ఈ పట్టీ సర్దుతుంది.

ముడివేయుటకు చివర చిన్న కొక్కెము గల సన్నని సూదిని వాడతారు. కుదుళ్ళవైపు మడిచిన వెంట్రుకలను కొక్కెముతో వల దారం కిందుగా లాగి, మిగిలిన పొడవును ఆ మడత గుండా తీసి బిగిస్తారు. పనిని మెడ వద్ద ప్రారంభించి పైకి సాగించాలి. వెనుకభాగంలో ముడికి 3 లేదా 4 వెంట్రుకలు చాలు. నుదుటి అంచున ముడికి ఒక్క వెంట్రుకనే వాడాలి. పూర్తిగా చేతితో ముడివేయుటకు అనేక వారాలు పడుతుంది. సమయం లేనివారు వెంట్రుకలను పొడవైన వరుసలుగా కుట్టి వెనుకభాగానికి అతికి, పాపిటను, నుదుటి అంచును మాత్రం చేతితో ముడివేస్తారు.

సహజత్వమునకు కారణాలు

విగ్గు కృత్రిమంగా కనిపించుటకు జుట్టు తక్కువ కావడం కంటే ఎక్కువ కావడమే తరచు కారణం. నిజమైన జుట్టు నుదుటి వద్ద పలుచగా, ఎగుడుదిగుడుగా మొదలవుతుంది. గీత గీసినట్లు ఉండదు. పాపిటకు ఇరువైపులా ముడులు ఎదురెదురు దిశలలో, సుడి వద్ద చుట్టూ తిరిగినట్లు ఉండాలి. చివరి కత్తిరింపును అచ్చుపై గాక, ధరించేవారి తలపైనే చేయాలి.

జాగ్రత్తలు

చికిత్స కాలంలో తలచర్మం సున్నితంగా ఉంటుంది గనుక, విగ్గు కింద మెత్తని నూలు టోపీ ధరించడం మంచిది. విగ్గును గోరువెచ్చని నీటిలో నలపకుండా కడిగి, అచ్చుపై నీడన ఆరబెట్టాలి. కృత్రిమ పోగులతో చేసినవి వేడికి కరిగే అవకాశం ఉన్నందున, వాటిని ధరించి పొయ్యి వద్ద నిలబడరాదు.