ఇంటి రౌటర్ పూర్వచరిత్ర

1990ల తొలి సగంలో ఇంటి నుంచి ఇంటర్నెట్‌ను చేరుకోవడానికి ఒక టెలిఫోన్ లైను, ఒక మోడెం, ఒక కంప్యూటర్ కావలసి వచ్చేవి. కంప్యూటర్‌లోని అంకెల సమాచారాన్ని టెలిఫోన్ తీగ మోయగలిగే ధ్వని సంకేతాలుగా మార్చి పంపడం, వచ్చిన సంకేతాలను తిరిగి అంకెలుగా మార్చడం మోడెం పని. డయల్ చేసిన ప్రతిసారీ సర్వీసు సంస్థ సాధారణంగా ఒక్క ఐపీ అడ్రస్‌ను మాత్రమే, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్యను, కేటాయించేది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించినప్పుడు కూడా ఇళ్లకు చేరింది ఈ డయలప్ పద్ధతే. కొత్త కంప్యూటర్ కొన్నాక పాతదాన్ని కూడా వాడుకోవాలనుకున్న కుటుంబాలకు ఈ ఏర్పాటులో చోటు లేదు.

దీనికి దొరికిన పరిష్కారం ఇళ్ల అవసరం కోసం పుట్టినది కాదు. అప్పటి ఐపీ అడ్రస్‌ల పొడవు 32 బిట్లు కావడంతో మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లకే వీలుండేది. ఇంటర్నెట్ పెరుగుతున్న వేగాన్ని బట్టి అవి చాలవని ఇంజనీర్లు ముందుగానే గ్రహించారు. అందువల్ల 1994లో కొన్ని అడ్రస్‌లను ఏ సంస్థ అయినా తన లోపలి అవసరాలకు స్వేచ్ఛగా వాడుకునేలా ప్రత్యేకించారు. నేటి ఇళ్లలో కనిపించే 192.168తో మొదలయ్యే సంఖ్యలు ఆ కోవలోనివే. అదే ఏడాది మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఇంజనీర్లు అడ్రస్ మార్పిడి విధానాన్ని, అంటే క్లుప్తంగా నాట్‌ను, వివరిస్తూ ఒక పత్రం ప్రచురించి, దానిని తాత్కాలిక ఉపాయంగానే పేర్కొన్నారు. ఇళ్లలో స్థిరపడిన రూపంలో ఈ విధానం ఇలా పనిచేస్తుంది: లోపలి కంప్యూటర్ పంపిన ప్రతి ప్యాకెట్ (సమాచారపు ముక్క) మీద ఉన్న సొంత అడ్రస్‌ను మధ్యనున్న యంత్రం తొలగించి, బయటి అడ్రస్‌ను, ఒక పోర్టు సంఖ్యను వేసి, ఆ మార్పును పట్టికలో నమోదు చేసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు పట్టిక చూసి అసలు కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ప్యాకెట్ పంపిన యంత్రం పాతదా కొత్తదా అన్నది బయటి సర్వర్‌కు తెలియనక్కర లేదు.

ఈ మధ్యవర్తి పాత్రను మొదట్లో చాలా చోట్ల పాత కంప్యూటర్లే పోషించాయి. 1990ల మధ్యలో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంలోకి ఈ సదుపాయం చేరడంతో, కొత్త ప్రోగ్రాములకు చాలని 386, 486 ప్రాసెసర్ల యంత్రాలు మోడెంనూ ఇంటి నెట్‌వర్క్‌నూ కలిపే ద్వారాలుగా మారాయి; ఇందుకు కావలసిన వ్యవస్థ మొత్తాన్ని ఒక ఫ్లాపీలో ఇమిడ్చిన లైనక్స్ రౌటర్ ప్రాజెక్టు కూడా వచ్చింది. 1999లో మైక్రోసాఫ్ట్ విండోస్ 98 రెండో ఎడిషన్‌లో కనెక్షన్‌ను పంచుకునే సదుపాయాన్ని చేర్చడంతో, లైనక్స్ తెలియని ఇళ్లకు కూడా ఇది అందింది. అయితే ద్వారంగా ఉన్న కంప్యూటర్‌ను ఆపితే మిగిలిన వాటికీ ఇంటర్నెట్ ఆగిపోయేది.

ఇంటి లోపల యంత్రాలను కలపడం కూడా చిన్న పనేమీ కాదు. పాత నెట్‌వర్క్ కార్డులు సన్నని కోయాక్సియల్ కేబుల్‌ను, కొత్తవి టెలిఫోన్ తీగను పోలిన మెలితిప్పిన జంట తీగలను కోరేవి కాబట్టి, రెండు రకాల సాకెట్లూ ఉన్న హబ్‌లు అవసరమయ్యాయి. 1995లో సెకనుకు 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణం వచ్చినప్పుడు, ఇరువైపులా ఉన్న కార్డులు తమకు సాధ్యమైన వేగాన్ని పరస్పరం తెలుపుకొని ఎంచుకునే ఏర్పాటు కూడా అందులో చేరడంతో, 10 మెగాబిట్ల పాత కార్డు కొత్త స్విచ్ మీద ఇబ్బంది లేకుండా పనిచేసింది.

2000 నాటికి ఈ పనులన్నీ ఒక చిన్న పెట్టెలోకి చేరాయి. 1999లో ఆపిల్ విడుదల చేసిన ఎయిర్‌పోర్ట్ కేంద్రం మోడెంనూ వైర్‌లెస్ సంబంధాన్నీ ఒకచోటికి తెచ్చింది. 2002 చివర వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లోపల నడిచింది లైనక్సే. పాత 486 చేసిన పనినే ఆ పెట్టె తక్కువ విద్యుత్తుతో, నిరంతరంగా చేసింది. భారతదేశంలో ఈ మార్పుకు దారి వేసినవి రెండు నిర్ణయాలు: 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్ణయించింది, 2005 జనవరిలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అవసరాన్ని ప్రభుత్వం తొలగించింది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ప్రారంభమయ్యే నాటికి, ఒక కనెక్షన్‌ను అనేక పరికరాలు పంచుకోవడం విశేషమేమీ కాని విషయమైంది.

రౌటర్ అడ్రస్ తేడాను, వేగం తేడాను పరిష్కరించగలిగింది గాని, భద్రతలోని తేడాను తొలగించలేకపోయింది. తొలి వైఫై రహస్యలిపి అయిన వెప్‌లోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. దాని తర్వాత వచ్చిన ప్రమాణాలు ఎన్నో పాత కార్డులకు అందవు. తీగ ద్వారా కలిపినా, సైట్లతో రహస్య సంభాషణకు వాడే టీఎల్‌ఎస్ తొలి రెండు రూపాలకు 2021లో అధికారికంగా స్వస్తి పలకడంతో, వాటికే పరిమితమైన బ్రౌజర్ నేటి సైట్లలో అధికభాగాన్ని తెరవలేదు. అడ్రస్ మార్పిడి బయటి నుంచి అడగకుండా వచ్చే ప్యాకెట్లను చాలావరకు ఆపుతుందే తప్ప, ఇంటి లోపలి ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకే హానిని ఆపదు. ఫైళ్లు పంచుకునే పాత విధానంలోని లోపాన్ని ఆసరాగా చేసుకొని 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము వ్యాపించిన తీరు ఇందుకు నిదర్శనం. కనుక భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌ను నేడు ఇంటి కనెక్షన్‌కు కలపదలచినవారు, దానిని మిగిలిన యంత్రాల నుంచి వేరుచేసే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచడం, దాని మీద బ్యాంకు లావాదేవీలు జరపకపోవడం మేలు.