అంబాసిడర్‌కి తడిగుడ్డ

పాల్వంచలో మా ఇంటి అంబాసిడర్ పక్కనే నిలబడి మాట్లాడుతున్నా. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని చూసి చేసిన బండి ఇది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1958 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారు చేశారు. ఇన్నేళ్లలో ఇంజిన్లు మారాయి గానీ ఆకారం పెద్దగా మారలేదు. అందుకే ఇంట్లోనే విప్పి బిగించుకోగలిగాం.

1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. అప్పటిదాకా అవతలి ఒడ్డుకి పడవే దిక్కు. వంతెన ఉన్నా మే నెలలో ఆ అడవి దారి మా బండిని సతాయించేది. పెట్రోల్ లాగే పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. మెకానిక్కులు ఏసీ పంపు అంటారు, చల్లగాలికీ దానికీ సంబంధం లేదు లెండి! వేడికి లోపల పెట్రోల్ ఆవిరై బుడగలు కడితే పంపు లాగలేదు, బండి ఆగిపోతుంది. నాన్న కంగారుపడేవాడు కాదు. బానెట్ ఎత్తి, పంపుకి తడిగుడ్డ చుట్టి, చెట్టు కింద కూర్చునేవాడు. కాసేపటికి స్టార్ట్ అయ్యేది. మాకు దాహమేసినా సీసాలో నీళ్లు ముందు బండికే.

ఇప్పుడు నాన్నకి చూపు సరిగా ఆనట్లేదు. మొన్న పంపులో చిరిగిన డయాఫ్రమ్ మొదటిసారి నేనే మార్చా. అరుగు మీద కూర్చుని ఇంజిన్ శబ్దం విన్నాడు.

"భద్రాచలం పోయొద్దాం పదరా" అన్నాడు.

డిక్కీలో పాత తువ్వాలు, రెండు సీసాల నీళ్లు పెట్టా.