ఏ చావు ఎవరి ఖాతాలో?

1888 ఆగస్టు 7. లండన్ వైట్‌చాపెల్‌లో జార్జ్ యార్డ్ బిల్డింగ్స్ అనే పేదల అద్దెకొంప. తెల్లవారుజామున మూడున్నరకి ఒక గుర్రబ్బండి తోలే కుర్రాడు పని ముగించుకొచ్చి, మెట్లెక్కుతూ ఎవరో పడి ఉండటం చూశాడు. ఇల్లు లేనివాళ్ళు ఆ మెట్ల మీద పడుకోవడం మామూలే. పైకి వెళ్ళిపోయాడు. ఐదు కావస్తుండగా పనికి బయల్దేరిన ఒక కూలీ చూసేసరికి నెత్తురు మడుగు. ఆమె పేరు మార్తా టాబ్రమ్. వయసు 39. ఒంటి మీద పోట్లు కూడా 39.

ఆగస్టు 31న, అక్కడికి దగ్గర్లోనే, మేరీ ఆన్ నికోల్స్. తర్వాత ఇంకో నలుగురు. జాక్ ది రిప్పర్ అనగానే ప్రపంచం చెప్పే లెక్క ఈ ఐదుగురిదే. మార్తా అందులో లేదు.

ఐదుగురే అని కాయితం మీద పెట్టింది మెల్విల్ మాక్‌నాటన్ అనే పోలీసు అధికారి, 1894లో. ఆయన ఉద్యోగంలో చేరిందే 1889లో, అంటే ఆ హత్యలన్నీ అయిపోయాక. అంతకు ముందు ఏం చేసేవాడో తెలుసా మిత్రులారా? బెంగాల్లో తండ్రి ఎస్టేట్లు చూసుకునేవాడు. ఆ తండ్రి ఈస్టిండియా కంపెనీకి ఛైర్మన్‌గా చేసినవాడు. 1881లో భూమి గొడవలో అక్కడి జనం ఈ దొరని కొట్టారు. అప్పుడే బెంగాల్ పోలీసు పెద్ద జేమ్స్ మన్రోతో పరిచయమైంది. ఆ మన్రో లండన్ పోలీసు కమిషనర్ అయ్యాక దొరకి కొలువు దొరికింది. మనవాళ్ళ చేతిలో దెబ్బలు తిన్న మనిషి లండన్‌లో పేద ఆడవాళ్ళ చావుల లెక్క తేల్చాడన్నమాట!

మార్తాని పక్కన పెట్టడానికి చెప్పే కారణాలు ఇవి: గొంతు కోయలేదు, పొడిచాడు, ఒక గాయం పెద్ద కత్తిదో బాయ్‌నెట్‌దో, మిగతావి చిన్న కత్తివి, ఆ రాత్రి ఆమె ఒక సైనికుడితో వెళ్ళింది. వెళ్ళింది నిజమే, స్నేహితురాలు చూసింది. కానీ అది రాత్రి పదకొండూ ముప్పావుకి. డాక్టర్ అంచనా ప్రకారం చావు రెండున్నర ప్రాంతంలో. మధ్యలో దాదాపు మూడు గంటలున్నాయి. స్నేహితురాలి ముందు సైనికుల్ని వరసలో నిలబెట్టినా కేసు ముందుకి కదల్లేదు. హంతకుడు మొదటిసారే తన పద్ధతి ఖరారు చేసుకుని వస్తాడా? మూడు వారాల తేడా, నడిచి వెళ్ళేంత దూరం, ఒంటరి పేద స్త్రీ, ఎవరికీ వినపడని చావు. నా మటుకు నాకు మార్తా ఆ లెక్కలో ఉండాల్సిన మనిషే.

ఇక మన గోదావరి సంగతి. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక మనిషిని పట్టుకుని, ఇరవై నెలల్లో పదిమందిని చంపాడన్నారు. గుప్తనిధులని, మహిమగల నాణేలని ఆశ చూపించి, ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టాడట. చాలా కుటుంబాలు గుండెపోటే అనుకున్నాయి. ఏలూరులో ఒక వ్యాయామోపాధ్యాయుడు చనిపోయి, ఆయన దగ్గరున్న డబ్బూ బంగారం కనపడకపోయేదాకా ఎవరికీ తీగ దొరకలేదు. కృష్ణా, తూర్పు, పశ్చిమ గోదావరి మూడు జిల్లాల్లో, వేర్వేరు స్టేషన్ల పరిధిలో చావులు. ఏ రెండు ఫైళ్ళూ ఒకే బల్ల మీదకి రాకపోతే వరస హత్యలన్న మాట ఎవరి నోటా రాదు. వైట్‌చాపెల్‌లోనూ అంతే: కేథరిన్ ఎడోస్ శవం పడిన చోటు వేరే పోలీసుల హద్దు.

అయితే ఇక్కడ ప్రమాదం అటువైపు నుంచి. లండన్‌లో లెక్క తగ్గించారు. మన దగ్గర దొరికినవాడి ఖాతాలో పాత చావులన్నీ వేసేయడం తేలిక. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదంది (ఇప్పుడది కొత్త చట్టంలో 23). ఎందుకన్నారు? ఈ దేశంలో పోలీసులు కొట్టి ఒప్పిస్తారని తెల్లవాళ్ళకి బాగా తెలుసు. 1855లోనే మద్రాసు చిత్రహింసల కమిషన్ ఆ మాట రాసింది. అప్పుడు మన రాజమండ్రి జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆ చట్టం రాసిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ కొడుకు పేరుని తర్వాతి రచయితలు రిప్పర్ అనుమానితుల్లో చేర్చారు, అది వేరే కథ. కాబట్టి పది చావులంటే పది రుజువులు కావాలి. ఒకటి రుజువైందని మిగతా తొమ్మిదీ వాటంతటవే రుజువైపోవు.

సీరియల్ కిల్లర్ కథలంటే మనకి ఇంత మోజెందుకు? ఒక్క పిచ్చివాడు, ఒక్క కత్తి, ఊరు నిర్దోషి. అందుకేమో.

చుండూరులో ఊరు ఊరే బయటికొచ్చింది. 1991 ఆగస్టు 6, పట్టపగలు, ఎనిమిది మంది దళితులు. 2007లో ఆ ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఎన్నింటికి, ఎక్కడ, ఎవరి చేతుల్లో అన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందట.