గురిగింజెత్తు బంగారం

గురివింద గింజ తన నలుపు తానెరగదంటాం. ఎదుటివాళ్ళ తప్పులెన్నేవాళ్ళకి తగిలించే సామెత. కానీ అదే గింజతో మనవాళ్ళు తరతరాలుగా బంగారం తూచారు. ‘గురిగింజెత్తు బంగారం’ అన్న మాట అలా వచ్చిందే.

కంచెల మీదా డొంకల్లోనూ అల్లుకునే చిక్కుడు జాతి తీగ ఇది. చింతాకులాంటి ఆకులు, కాయ ఎండి పగిలితే నల్లమచ్చతో ఎర్రటి గింజలు. దండలు గుచ్చుకుంటారు గానీ నోట్లో పెట్టుకోకూడదు. నమిలినా నూరినా లోపలున్న అబ్రిన్ అనే విషం ప్రాణం మీదికి తెస్తుంది. సంస్కృతంలో దీని పేర్లు గుంజ, రక్తిక. ఆ రక్తికే ఉత్తరాదిన రత్తి అయింది. 8 రత్తులు ఒక మాషం, 12 మాషాలు ఒక తులం. అంటే తులానికి 96 గింజలు.

గింజలన్నీ ఒకే బరువుంటాయి కాబట్టే దీన్ని కొలతగా ఎంచుకున్నారని తరచూ చదువుతుంటాం. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. గుప్పెడు గింజలు పరిచి చూస్తే చిన్నా పెద్దా తేడా కంటికే తెలుస్తుంది. తొంభై ఆరు కలిపి తూస్తే హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. రెండు మూడు గింజలతో తూచినప్పుడు సర్దుకోవు. ముక్కుపుడక చేయించుకునే పేదింటావిడకి ఆ గింజల్ని ఎవరు ఏరారన్నదే అసలు ప్రశ్న.

ఈ చిక్కు కౌటిల్యుడికి తెలుసనిపిస్తుంది. అర్థశాస్త్రం రెండో అధికరణంలో 5 గుంజలు ఒక సువర్ణమాషకం, 16 మాషకాలు ఒక సువర్ణం అని లెక్క చెప్పాడు. తూకంరాళ్ళని మాత్రం ఇనుముతోనో, మగధ, మేకల ప్రాంతాల రాళ్ళతోనో, తడికి పెరగని, వేడికి తరగని వస్తువులతోనో చెయ్యమన్నాడు. నాలుగు నెలలకోసారి వాటిని సరిచూసి ముద్ర వెయ్యాలన్నాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అయితే గింజ స్పెసిఫికేషన్, రాయి ఇంప్లిమెంటేషన్, ముద్ర టెస్టింగ్. నమ్మకం నిలబడేది ఈ మూడోదాని మీదే.

1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. అంటే సుమారు 11.66 గ్రాములు, గింజ వంతు 0.12 గ్రాములు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలొచ్చాయి. ఇవాళ నగల షాపుల్లో తులమంటే మామూలుగా 10 గ్రాములే. పేరు అదే, బరువు మారింది, గింజ ఊసే లేదు.

ముద్ర అవసరం మాత్రం పోలేదు. షాపులో ఎలక్ట్రానిక్ కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఎప్పటిదో చూడమని అడిగే హక్కు మనకుంది. ముక్కుపుడకకైనా సరే, మొహమాటపడకుండా అడగాలి.